టపాకాయ మోగని రోజు

"చూశారా, విన్నారా?"

"విన్నానండీ."

"చూశారా అని అడుగుతున్నాను."

దర్జీ ఆవిడ కుట్టుమిషను చక్రం మీద చెయ్యి ఆనించి ఆపింది. అడిగిందే అడిగేవాళ్ళంటే ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అయినా ఎదురుగా కూర్చున్నది డిటెక్టివ్. ఎదురింటి లాయరుని ఎవరో కాల్చి చంపి ఇంకా ఒక రోజు నిండలేదు. అందుకని ఓపిక తెచ్చుకుంది.

"ఆ ఎర్రకారు సంగతి మీకు తెలీదు. లాయరుగారి మేనల్లుడిది. మా వీధంతా దాన్ని టపాకాయ అంటాం. వాలు పైన ఒకటి కొడుతుంది, మలుపులో ఒకటి, గేటు ముందు ఒకటి. టప్పు, టప్పు, టప్పు. రెండేళ్ళుగా వారానికి నాలుగుసార్లు. మొదట్లో గుండె చేత్తో పట్టుకుని బయటికి పరిగెత్తేవాళ్ళం. ఇప్పుడు కుక్కర్ కూత వేసినా లేస్తాం గానీ దానికి లేవం. ఇంట్లో మొగుడు దగ్గితే తొంగి చూస్తామా ఏమిటి?"

"నిన్న కూడా మూడేనా?"

"మూడే."

"ఎన్నింటికి?"

"మూడున్నరకి, స్కూలు చివరి గంటతో పాటు. గంట మొదలవగానే ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేస్తాను. మనవరాలు సుడిగాలిలా వచ్చి దేనిమీద చెయ్యి పెడుతుందో చెప్పలేం. ప్లగ్గు మీద చెయ్యి ఉండగా మొదటిది మోగింది. పెట్టె తీసుకెళ్ళి అలమర మీద పెట్టేలోపు మిగతా రెండూ అయిపోయాయి."

డిటెక్టివ్ జేబులోంచి వాచీ తీశాడు. చేతికి ఉండాల్సిన వాచీని జేబులో వేసుకు తిరిగే మనిషి. పోలీసు డిపార్టుమెంటులో ఉన్నప్పుడే ఆయనకు గడియారం అని పేరు పడింది. ఉద్యోగం వదిలేసినా పేరు మాత్రం వదల్లేదు.

"నిన్న చేసినట్టే ఇప్పుడు చేసి చూపించండి. గంట కొట్టిందనుకోండి."

"ఇదేం నాటకమండీ," అంది కానీ చేసింది. ప్లగ్గు పీకింది, పెట్టె ఎత్తింది, గది దాటి వెళ్ళి అలమర మీద పెట్టింది. దారిలో నోటితోనే టప్పు టప్పు అని గుర్తు చేసుకుంది. రెండోసారి చేయించాడు. మూడోసారి కూడా చేయించాలని ఉంది కానీ ఆవిడ చూపు చూసి మానుకున్నాడు. రెండుసార్లూ పదకొండు సెకన్లే పట్టింది.

పదకొండు సెకన్లు. కాగితం మీద రాసుకుని లేచాడు. టైము రెండూ ఇరవై. నిన్న రాత్రి పోలీసులు పట్టుకెళ్ళిన మేనల్లుణ్ణి ఐదున్నరకి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత వాణ్ణి బయటికి తేవడం ఏళ్ళమీద మాట.

పొద్దున ఆ కుర్రాడి తల్లి డిటెక్టివ్ ఇంటికి వచ్చింది. చనిపోయిన లాయరుకి సొంత చెల్లెలు. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి కాబట్టి ఏడవలేదు, కూర్చోనూ లేదు. "అన్నయ్య ఎలాగూ పోయాడు. వీడు కూడా పోతే నేనింక ఎవరికోసం వండాలి బాబూ," అంది. అన్నయ్య ముందురోజు సాయంత్రం ఫోన్ చేశాడని కూడా చెప్పింది. 'ఇంట్లో దొంగని పట్టాను. రేపు మూడున్నరకి అబ్బాయిని పంపు, నా పక్కన మనవాడు ఒకడుండాలి' అన్నాడట.

లాకప్పులో ఆ కుర్రాడితో మాట్లాడటానికి డిటెక్టివ్‌కి ఐదు నిమిషాలు దొరికాయి. వాడు ఒకటే మాట పట్టుకున్నాడు. బెల్లు కొట్టాను, ఎవరూ తలుపు తీయలేదు, మామయ్యకి ఫోన్ చేశాను, ఎత్తలేదు, వచ్చేశాను. చివర్లో ఊచలు పట్టుకుని ఇంకో ముక్క చెప్పాడు. "సార్, నా కారు నిన్న మోగలేదు. ఒక్కసారి కూడా."

వీధి వీధంతా విన్న చప్పుడు జరగనే లేదంటున్నాడు. అబద్ధం చెప్పేవాడైతే ఇంతకన్నా మంచి అబద్ధం చెప్పేవాడు కదా అని డిటెక్టివ్‌కి అప్పట్నుంచీ మనసులో గుచ్చుకుంటోంది.

లాయరు ఇంటి గేటు దగ్గర గుమాస్తా స్కూటరు మీద రెండు ఎర్రగుడ్డ కట్టలు సర్దుకుంటున్నాడు. ఇరవై రెండేళ్ళుగా లాయరు దగ్గరే ఉన్న మనిషి, గట్టిగా మాట్లాడటం ఎవరూ ఎరగరు.

"తాళాలు ఇనస్పెక్టరుగారికి ఇచ్చేశానండీ, పైనే ఉన్నారు. ఆయన్ని అడిగే ఈ కాగితాలు తీసుకెళ్తున్నాను, పార్టీలకి తిరిగి ఇచ్చేయాలి. ఆ తర్వాత అయ్యగారి చెల్లెలు, అమ్మగారి దగ్గరికి వెళ్ళి ఓ ముద్ద తినిపించి వస్తాను. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదండీ ఆవిడ."

గాలికి గేటు మూసుకుపోతుంటే డిటెక్టివే పట్టుకుని స్కూటరుకి దారి ఇచ్చాడు. ఆవిణ్ణి జాగ్రత్తగా చూసుకోమని కూడా చెప్పాడు.

లోపలికి వెళ్ళి మెట్లెక్కాడు. పై గదిలో ఇనస్పెక్టరు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. డిటెక్టివ్ భార్యకి స్వయానా తమ్ముడు. ఒకే ఇంట్లో భోజనాలు, ఒకే కేసులో కత్తులు.

"మెట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చావా బావా?"

"ఇరవై రెండు."

"అక్క కూరగాయలు తెమ్మంటే బెండకాయలు కూడా ఇలాగే లెక్కపెడతావట. కూర్చో. నీకు చూపించాల్సిందేమీ లేదు, అయిపోయింది కేసు."

బల్ల వెనక లాయరు కుర్చీ. కుర్చీ వీపు మీద మరక. బల్ల మీద డైరీ తెరిచి ఉంది. నిన్నటి పేజీలో గుమాస్తా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన ఒకే పంక్తి: మూడున్నరకి మేనల్లుడు. పక్కనే దస్తావేజుల గది, దానికీ వీధివైపు కిటికీ ఉంది. తుపాకీ మాత్రం దొరకలేదు.

"మూడు చప్పుళ్ళు," ఇనస్పెక్టరు వేళ్ళు చూపించాడు. "ఒంట్లో ఒకే బుల్లెట్. రెండు కారువి, మూడోది తుపాకీది. లెక్క సరిపోయింది. కారు మోతలో తుపాకీ మోత కలిసిపోతుందని వాడికి బాగా తెలుసు. ఆ మోత గురించే మామాఅల్లుళ్ళకి గొడవ. వీలునామాలోంచి పేరు కొట్టేస్తానని ఆయన అందరి ముందూ అన్నాడు."

"మూడు చప్పుళ్ళూ పదకొండు సెకన్లలో అయిపోయాయి. వాడు కారు ఆపి, దిగి, గేటు తీసి, ఇరవై రెండు మెట్లెక్కి కాల్చాడా? నువ్వు ఎక్కి చూపించు, నేను వాచీ పడతాను."

ఇనస్పెక్టరు పొట్ట మీది బెల్టు సర్దుకున్నాడు. "దర్జీ ఆవిడ మాట వేదవాక్కా? గుమాస్తా చెప్పాడు కదా. మూడున్నరకి రెండు చప్పుళ్ళు విన్నాడు, గేటు ముందు ఎర్రకారు ఆగడం ఆ గది కిటికీలోంచి చూశాడు. ఓ రెండు నిమిషాలకి మూడోది. భయపడి గడియ పెట్టుకుని, కారు వెళ్ళిపోయాక బయటికొచ్చాడు."

"వీధి చివర బేకరీ కెమెరాలో కారు తిరిగింది మూడూ ముప్పై ఎనిమిదికి. మళ్ళీ బయటికి వెళ్ళింది మూడూ యాభై రెండుకి."

"కెమెరా గడియారాలు ఎప్పుడు సరిగ్గా ఏడ్చాయి బావా? ఎనిమిది నిమిషాలు ముందుంది, అంతే."

"నా వాచీ పక్కన పెట్టి చూశాను. అర నిమిషం తేడా లేదు. బేకరీవాడు ఆ టైము చూసే పొయ్యిలోంచి రొట్టెలు తీస్తాడు. ఎనిమిది నిమిషాలు తేడా ఉంటే పాపం బొగ్గులు అమ్ముకోవాలి."

"అయితే స్కూలు గంట తప్పు."

"గంట తప్పు, దర్జీ తప్పు, కెమెరా తప్పు. నువ్వొక్కడివే రైటు."

ఇనస్పెక్టరు మొహం ఎర్రబడింది. "నీకేం, రాజీనామా మొహాన కొట్టి హాయిగా తిరుగుతున్నావు. పైనుంచి గంటకోసారి ఫోను వచ్చేది నాకు. నువ్వు నా కేసులో వేలు పెడుతున్నావని రేపు నన్నే అంటారు. అక్క మొహం చూసి ఊరుకుంటున్నాను."

డిటెక్టివ్‌కి కోపం వచ్చింది, కానీ మింగేశాడు. కోపానికి టైము లేదు. దస్తావేజుల గదిలోకి వెళ్ళాడు.

నేల నుంచి కప్పు దాకా అరలు. ఎర్రగుడ్డలో బిగించిన పాత కట్టలు, ప్రతి కట్ట మీదా అంకె. మూడో అరలో ఇరవై ఏడు తర్వాత ముప్పై ఉంది. మధ్యలో దుమ్ములేని చోటు. గుమాస్తా స్కూటరు మీద తీసుకెళ్ళినవి అవే అయ్యుంటాయి. ఆ అర కిందే నేలమీద ఏదో తెల్లగా కనిపించింది. వంగి వేలితో అద్దాడు. కాగితపు నూగు. అక్కడక్కడా గోధుమరంగులో మాడింది.

"ఎలుకలు," అన్నాడు ఇనస్పెక్టరు గుమ్మంలోంచి.

"ఎలుకలు కాగితం కొరుకుతాయి. కాల్చవు." నూగుని ఒక కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు. దాంతో ఏం చెయ్యాలో అప్పటికి ఆయనకూ తెలీదు.

కింద చెప్పుల చప్పుడైంది. మెకానిక్ మేస్త్రీ వచ్చాడు. ఎర్రకారు రెండేళ్ళుగా మోగుతుందని ఆయన చేత సంతకం పెట్టించడానికి ఇనస్పెక్టరే పిలిపించాడు. సంతకం పెట్టకముందే డిటెక్టివ్ ఆయన్ని మెట్ల మీద కూర్చోబెట్టి తను కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"నాకు కార్ల గురించి ఓనమాలు రావు మేస్త్రీగారూ. అసలు అది ఎందుకు మోగుతుంది?"

పని తెలిసినవాణ్ణి పని గురించి అడిగితే నోరు కట్టేసుకోలేడు. మేస్త్రీ కూడా అంతే.

"యాక్సిలరేటరు తొక్కినంతసేపూ పెట్రోలు ఇంజన్‌లోనే కాలిపోతుందండీ. గేరు మార్చడానికో, స్లో చెయ్యడానికో కాలు తీశారనుకోండి. కాలకుండా మిగిలిన పెట్రోలు కాస్త పొగగొట్టంలోకి జారుతుంది. గొట్టం నిప్పులా ఉంటుంది కదా, అక్కడ గాలి తగిలి అంటుకుంటుంది. అదే టప్పు."

"మరి అన్ని కార్లూ ఎందుకు మోగవు?"

"కాలు తీయగానే లోపలున్న కంప్యూటరు పెట్రోలు ఆపేస్తుందండీ. ఆ లెక్క ఎవరైనా మారిస్తే కాలు తీశాక కూడా కొంచెం కొంచెం పోస్తూ ఉంటుంది. కుర్రాళ్ళకి ఆ మోత సరదా. లేదా గొట్టం అతుకు దగ్గర సందుంటే బయటి గాలి లోపలికి పోయి మోగుతుంది."

"ఈ కారులో లెక్క ఎవరు మార్చారు?"

మేస్త్రీ అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "నాకెలా తెలుస్తుందండీ."

"నిన్న పొద్దున కారు మీ షెడ్డులో ఉంది."

"ఆయిలు మార్చానంతే."

చెవుల వెనక నుంచి చెమట కారుతోంది. మెట్ల మీద చల్లగా ఉంది. డిటెక్టివ్ లేచి పైకి చూశాడు. "కారు తెప్పించు బావమరిదీ."

"ఎందుకు?"

"ఆ కుర్రాడు వచ్చినట్టే ఈ వాలు దించుదాం. మూడో గేరు, రెండో గేరు, గేటు ముందు కాలు తీయడం. మోగితే నేను నోరు మూసుకుని ఇంటికెళ్ళిపోతాను. మళ్ళీ నీ కేసుల వైపు చూస్తే అడుగు."

"మోగకపోతే?"

"నువ్వే చెప్పు."

"మోగుతుంది," అన్నాడు ఇనస్పెక్టరు, స్టేషన్‌కి ఫోన్ చేస్తూ. బావ పీడ ఇంత చవగ్గా వదులుతుందని ఆయన అనుకోలేదు.

ఇరవై నిమిషాలు పట్టింది. మూడు దాటి ఆరు నిమిషాలకి బేకరీ దగ్గర గతుకులో ఏదో కర్రుమని గీసుకున్న చప్పుడు వినిపించింది. మేస్త్రీ కన్నకూతురికి దెబ్బ తగిలినట్టు మొహం పెట్టాడు. తర్వాత నిశ్శబ్దం. డిటెక్టివ్ గుమ్మంలో వాచీ పట్టుకుని నిలబడ్డాడు. మోగిందంటే ఆ తల్లికి చెప్పుకోవడానికి ఒక్క ముక్క మిగలదు.

ఎర్రకారు మలుపు తిరిగింది. టైర్ల కింద ఇసుక నలిగింది. గేటు ముందు వచ్చి ఆగింది. ఎక్కడా మోగలేదు.

"ఇంజన్ చల్లగా ఉంది," అన్నాడు ఇనస్పెక్టరు.

"స్టేషన్ నుంచి వచ్చింది సార్," అన్నాడు కానిస్టేబులు దిగుతూ. "మీద చెయ్యి పెడితే కాలుతోంది."

అప్పుడే దర్జీ ఆవిడ దారపు ముక్కలు పారబోయడానికి చేట పట్టుకుని బయటికొచ్చింది. గేటు ముందు కారు చూసి చేట అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఇదెప్పుడొచ్చింది?" అంది.

కారు రావడం చూడకుండానే చెప్పగలిగే మనిషి, పది గజాల దూరంలో కారు ఆగినా తెలుసుకోలేకపోయింది. అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదు.

డిటెక్టివ్ మేస్త్రీ వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పండి. ఒక కుర్రాడి ప్రాణం మీ నోట్లో ఉంది."

మేస్త్రీ మెట్టు మీద కూలబడ్డాడు. "మోత పని చెయ్యనని ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో రాసిచ్చానండీ. తీశానంటే పెట్టింది నేనేనని తేలుతుంది, షెడ్డుకి తాళం పడుతుంది. అందుకే నోరు విప్పలేదు. నిన్న పొద్దున లాయరుగారే ఫోన్ చేశారు. 'ఆ మోత తీసెయ్యి, వాడికి చెప్పకు. మూడున్నరకి వస్తాడు, నేనే చెప్పి నచ్చజెబుతాను' అన్నారు. తీసేశాను. ఆ బాబు మధ్యాహ్నం మూడుంపావుకి వచ్చి కారు తీసుకెళ్ళిన పావుగంటకి నాకు ఫోన్ చేశాడు. 'మోగట్లేదేంటి మేస్త్రీ, రింగ్ రోడ్డు మీద రెండు చుట్లు తిరిగాను' అన్నాడు. నేను ఏదో చెప్పి తప్పించుకున్నాను."

రెండు చుట్లు. ఆ రెండు చుట్లే ఎనిమిది నిమిషాలు. మోత పోయిందని కుర్రాడు దిగాలుగా రోడ్డు మీద తిరుగుతున్నంతసేపూ ఇక్కడ పని జరిగిపోయింది. చచ్చిపోయే రోజు పొద్దున లాయరు చేసిన ఒక్క ఫోను మేనల్లుణ్ణి ఉరితాడు నుంచి తప్పించింది.

"సరే," అన్నాడు ఇనస్పెక్టరు మెల్లగా. ఆయన మొండివాడే కానీ మూర్ఖుడు కాడు. "కారు మోగలేదు. మూడున్నరకి అసలు వీధిలోనే లేదు. మరి వీధంతా విన్న మూడు చప్పుళ్ళు ఏమిటి?"

"మూడూ తుపాకీవే."

"ఒంట్లో ఒకటే ఉంది."

"ఒక్కటే పేలిస్తే వీధంతా లేచి వచ్చేది. మూడు పేలిస్తే ఎవరూ లేవరు. టప్పు, టప్పు, టప్పు. ఈ వీధికి అలవాటైన లెక్క అది. మొదటిది లాయరుకి. మిగతా రెండూ, వాలుకీ మలుపుకీ గేటుకీ మధ్య ఉండే ఎడం చూసుకుని, మెత్తగా ఎక్కడో దిగేట్టు పేల్చాడు. మూడున్నరకి కారు వస్తుందని తెలిసినవాడు. రాగానే మోగుతుందని, ఆ మోతా ఈ మోతా వీధి చెవిలో కలిసిపోతాయని నమ్మినవాడు. మోత తీసేశారని మాత్రం తెలీనివాడు."

జేబులోంచి మడత తీసి విప్పాడు. మాడిన కాగితపు నూగు.

"బుల్లెట్‌కి గోడ అయితే గుంట పడుతుంది, చెక్క అయితే చీలుతుంది. వెయ్యి కాగితాల కట్టలో దిగితే బయటికి కనిపించదు. గుడ్డ మార్చి కడితే చాలు. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది."

ఇనస్పెక్టరు గేటు వైపు చూశాడు. "నేనే తీసుకెళ్ళమన్నాను."

"నేను గేటు పట్టుకున్నాను. అందరూ కారుని విన్నారు. చూశానన్నవాడు ఒక్కడే. మూడున్నరకి లేని కారుని గుమాస్తా కిటికీలోంచి ఎలా చూశాడు? మనం వాణ్ణి ఆ ముక్క అడగలేదు. లాయరు పట్టిన ఇంటిదొంగ మేనల్లుడు కాదు. ఇరవై రెండేళ్ళుగా వీలునామాలు ఎవరి చేతిలో ఉన్నాయో వాడు."

మాట పూర్తవుతుండగానే డిటెక్టివ్‌కి తట్టింది. గుమాస్తా గేటు దగ్గర ఇంకో మాట కూడా అన్నాడు. ఆ తర్వాత అమ్మగారి దగ్గరికి వెళ్తాను. నిన్న రాత్రే పోలీసులు ఆవిడ ఇల్లు వెతికేశారు. వెతికిన ఇల్లు మళ్ళీ ఎవరూ వెతకరు. ఒకవేళ వెతికినా, ఆ కట్టలు దొరికేది కుర్రాడి ఇంట్లోనే.

ఆవిడ నంబరు నొక్కాడు. నాలుగోసారి మోగాక ఎత్తారు.

"అమ్మా, నేను. మీ అబ్బాయి తప్పేమీ లేదు, తేలిపోయింది. చంపింది గుమాస్తా. వాడు కట్టలు తీసుకుని మీ దగ్గరికే వస్తాడు, తలుపు తీయకండి. మేం బయల్దేరుతున్నాం."

ఎక్కడో దూరంగా, గది అవతల నుంచి, ఆవిడ గొంతు వినిపించింది. "ఎవరండీ ఫోనులో? ముందు ఆ రెండోది కూడా అందించండి, అటక మీద చోటుంది. ఈ స్టూలు ఊగుతోంది."

ఆ తర్వాత ఫోనుకి దగ్గరగా, ఎప్పటిలాగే మెత్తగా, గుమాస్తా మాట్లాడాడు.

"అమ్మగారు స్టూలు మీదున్నారండీ, ఫోను నేనే ఎత్తాను. ఆవిడకింకా ఏమీ తెలీదు. తమరు తెలివైనవారు కాబట్టి చెబుతున్నాను. పోలీసు జీపు చప్పుడు నాకు బాగా తెలుసు. అది ఈ వీధిలో వినిపించిందంటే ఆవిడ కిందికి దిగరు."

ఫోను పెట్టేశాడు.

ఎవరు ఎత్తారో అడగకుండా గుక్కతిప్పుకోకుండా మాట్లాడింది తనే. ఎవరో చూసుకోకుండానే నమ్మేశారని ఈ వీధిని అన్నాడు, అదే పని తనూ చేశాడు. ఆ సిగ్గు డిటెక్టివ్ మొహం మీద కొట్టినట్టు తగిలింది, కానీ సిగ్గుపడటానికి కూడా ఇప్పుడు టైము లేదు.

"తొమ్మిది నిమిషాల దారి," అన్నాడు. "ఆవిడ ఇల్లు ఎత్తుదారి చివర. పొద్దున ఆవిణ్ణి దింపినప్పుడు చూశాను, అటక వెనకగదిలో ఉంది, అక్కణ్ణుంచి వీధి కనపడదు. వాడు చెవులు మాత్రమే పెట్టుకుని ఉంటాడు. దిగి నడిస్తే ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది. అంతసేపు వాడు ఆగడు."

ఇనస్పెక్టరు జీపు తాళం చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. ఇద్దరూ ఒకేసారి ఎర్రకారు వైపు చూశారు.

"ఇది మోగదు కదా?" ఇనస్పెక్టరు అడిగింది మేస్త్రీని.

మేస్త్రీ అప్పటికే కారు కింద దూరి ఉన్నాడు. చేతినిండా మసితో లేచాడు. ఈసారి అబద్ధం చెప్పే మొహం కాదు అది.

"ఇందాక గతుకులో కింద తగిలింది సార్. గొట్టం అతుకు దగ్గర సందు పడింది, గాలి పోతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు తొక్కుతూనే ఉంటారు కాబట్టి మోగదు. గేటు ముందు కాలు తీస్తారు చూడండి, అప్పుడే. గొట్టం ఎర్రగా కాలి ఉంటుంది. ఒక్కసారిగా తీశారంటే ఒక్కటి కొడుతుంది. మెల్లగా తీయండి. నిద్రపోయే పసిపిల్ల తలకింద నుంచి చెయ్యి తీసినట్టు తీయండి."

ఆ ఒక్క టప్పు గుమాస్తా కూడా ఇరవై గజాల దూరం నుంచే గుర్తుపట్టగలిగిన చప్పుడు.

డిటెక్టివ్ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కుడికాలు వణుకుతుంటే మోకాలి మీద అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. పక్క తలుపు తెరుచుకుంది. ఇనస్పెక్టరు ఎక్కి, టోపీ తీసి వెనక సీట్లో పడేసి, చెయ్యి చాచాడు.

"వాచీ ఇలా ఇవ్వు బావా. టైము నేను చూస్తాను. నువ్వు కాలు చూసుకో."